మా తోడికోడలు తీసుకోని రొట్టె

మా సంఘంలో ప్రభువు బల్ల నెలకొకసారి, మొదటి ఆదివారం. చాపల మీద ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చుంటాం. సంఘపెద్ద ఒకాయన స్టీలు పళ్ళెంలో రొట్టె ముక్కలు పట్టుకుని ముందు వరస నుంచి వెనక్కి వెళతాడు. అందరికీ అందాక, పాస్టరుగారు చెబితే, ఒక్కసారిగా తింటాం. ఆ తర్వాత చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. ఇదంతా కాసేపటి పనే. కానీ ఆ కాసేపట్లో మా ఊరి ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నంతగా మరెప్పుడూ చూసుకోరు. తలలు వంచుకునే ఉంటాం, ముసుగులు కళ్ళ దాకా లాక్కునే ఉంటాం. అయినా పళ్ళెం ఎవరి దగ్గర ఆగకుండా పోయిందో అందరికీ తెలిసిపోతుంది.

పోట్లాడుకున్నవాళ్ళు, మనసులో ఒకరి మీద ఏదో పెట్టుకున్నవాళ్ళు బల్ల తీసుకోకూడదని పెద్దల నాటి నుంచీ మా దగ్గర కట్టుబాటు. ఎవరూ వచ్చి ఆపరు. ఎవరికి వారే చెయ్యి చాపకుండా ఊరుకోవాలి. అలా ఊరుకున్న మనిషి గురించి ఆ వారమంతా మిరప తోటల్లో, పత్తి చేలల్లో, పాల కేంద్రం దగ్గర ఒకటే గుసగుస. ఏం చేసి ఉంటుంది, ఎవరితో తగువు పడింది, మొగుడేమన్నా అన్నాడా.

మా తోడికోడలు ఏడాదికి పైగా చెయ్యి చాపలేదు. నేను ఒక్క నెల కూడా మానలేదు.

నా గురించి కాస్త చెప్పుకోవాలి, చెప్పుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టమే. అప్పట్లో నేను మా స్త్రీల సమాజానికి పెద్దను. సండేస్కూలు పిల్లలకు వాక్యం చెబుతాను. కరోనాకి చర్చి మూసేసినప్పుడు, ఆడవాళ్ళు దిగులు పడకుండా ఉండాలని ఫోన్‌లో ఉదయకాల ధ్యానం పంపడం మొదలుపెట్టాను. ఒక వాక్యం, దాని మీద నాలుగు మాటలు, చిన్న ప్రార్థన. వంటింట్లో స్టవ్ పక్కన నిలబడి రికార్డు చేసి గ్రూపులో పెట్టేదాన్ని. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కాయలు కోస్తూ వినేవాళ్ళట. పర్చూరులో ఉన్న చుట్టాలు కూడా అడిగి పెట్టించుకున్నారు. మా ఆయన మాత్రం, "ముందు కాఫీ ఇచ్చి తర్వాత లోకాన్ని రక్షించు" అనేవాడు. ఆయన మాట మీద నాకు కోపం వచ్చేది. ఆయనకి ఆత్మీయత తక్కువని అందరితో చెప్పేదాన్ని కూడా.

ఇక గొడవ సంగతి. మాకూ మా మరిదికీ పొలాలు వేరైనా మిరపకాయలు ఆరబోసుకునే కల్లం ఒకటే. పక్కపక్కనే రెండు కుప్పలు, రెంటికీ కలిపి ఒక పెద్ద టార్పాలిన్ పట్టా. వాన వచ్చేలా ఉంటే రెండు కుప్పల్నీ దగ్గరికి నెట్టి పైన పట్టా లాగితే రెండూ తడవవు. అలా ఎన్నోసార్లు చేశాం, నవ్వుకుంటూ, తుమ్ముకుంటూ, ఆ ఘాటుకి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. కిందటి ఏడు కోతల కాలంలో ఒక మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ కాయల టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళారు. కూలివాళ్ళు అన్నాలకి పోయారు. తోడికోడలు ఇంటికి వెళ్ళింది. చీరాల వైపు ఆకాశం నల్లబడింది. నేను కల్లానికి పరుగెత్తాను.

ఒక్క చినుకు పడలేదు అప్పటికి. ఆమె కాయలు ఎండి గలగలలాడుతున్నాయి. కేకేస్తే వినబడేంత దూరంలోనే ఇల్లు. రెండు కుప్పల్నీ దగ్గరికి నెట్టడానికి నాకు ఒంట్లో సత్తువా ఉంది, కాస్త సమయమూ ఉంది. కానీ ముందు నాది అనుకున్నాను. పట్టా మొత్తం నా కుప్ప మీదికి లాగి, అంచుల మీద రాళ్ళు పెట్టాను. రాళ్ళు పెడుతుండగా వాన దిగింది. ఎంత వాన అంటే, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేని వాన.

ఆమె తడుస్తూ వచ్చి చూసింది. తిట్టలేదు. "పిలవొచ్చు గదా అక్కా. ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని గదా" అంది. అప్పటికి కూలి ఆడవాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ళ ముందు నన్ను అడగడమేమిటని నాకు ఒళ్ళు మండింది. "నేను వచ్చేసరికే నీ కాయలు తడిసిపోయినయ్. దేవుడి తోడు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. సండేస్కూల్లో పిల్లలకు ఒట్టు పెట్టుకోకూడదని చెప్పే నోరే అది.

ఆ ఏడు వాళ్ళ కాయ రంగు దిగిపోయి సగం ధర పలకని తాలు అయింది. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె కాదు, నేను. అందరి ముందు నన్ను నిలదీసిందన్నది నా బాధ. ఎంత మొయ్యగలిగానో ఆ బాధని. మా రెండిళ్ళ మధ్య గోడ అవతలి నుంచి కూర గిన్నె వస్తే మా అమ్మాయి చేత మాట లేకుండా ఖాళీ గిన్నె తిప్పి పంపాను. కొన్నాళ్ళకి అది కూడా రావడం మానేసింది. నేనే అన్యాయమైపోయినట్టు, రోజూ ప్రార్థనలో ఆమె మనసు మార్చమని దేవుణ్ణి అడిగేదాన్ని.

ఆ తర్వాతి మొదటి ఆదివారం నుంచే ఆమె బల్ల తీసుకోవడం మానేసింది. ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి వెనక గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు నన్ను అడిగేవాళ్ళు. "మీ చెల్లెలు ఎందుకు తీసుకోట్లేదండి?" నేను చెడు మాట ఒక్కటి కూడా అనలేదు. నిట్టూర్చేదాన్ని. "ప్రార్థన చెయ్యండమ్మా ఆమె కోసం" అనేదాన్ని. ఆ నిట్టూర్పు చాలు మా ఊరికి. తాయెత్తు కట్టించుకుందని ఒకరు, మొగుడితో పడట్లేదని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు పూర్తి చేసుకున్నారు. నేను విని, కాదని అనలేదు.

మధ్యలో ఒక ఉదయం సమాధానపడటం మీద ధ్యానం చెప్పాను. కానుక తెచ్చినవాడికి తన సహోదరుడి మనసులో తన మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి అతనితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట. బాగా చెప్పాననుకున్నాను. చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మా తోడికోడలు ఏమీ పెట్టలేదు, విన్నట్టు మాత్రం ఫోన్‌లో కనపడింది. వినాల్సినవాళ్ళు విన్నారులే అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ ఏడు మాకు కొత్త పాస్టరుగారు వచ్చారు. చిలకలూరిపేట దగ్గర్లో పనిచేసి వచ్చిన మనిషి, పద్ధతి గల మనిషి. ఏడాదిగా ఒక సభ్యురాలు బల్లలో పాలు పొందకుండా, కారణం చెప్పకుండా ఉంటే సంఘానికి మంచిది కాదన్నారు. పెద్దలు కూర్చున్నారు. ఈస్టరుకి ముందు వచ్చే బల్ల ఆదివారం నాటికి కారణం చెప్పి సరిదిద్దుకోవాలి, లేకపోతే ఆ రోజే సభ్యత్వం తీసేద్దాం అన్నారు. మా ఊళ్ళో సభ్యత్వం పోవడమంటే మామూలు సంగతి కాదు. ఇంట్లో శుభకార్యానికి పాస్టరుగారు రారు. చావుకి సమాధుల దొడ్లో చోటు అడగడానికి నోరు పెగలదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చర్చిలో పాడిన గొంతు ఆమెది.

వెళ్ళి ఆమెతో మాట్లాడటానికి ఎవరు తగినవాళ్ళని వెతికి, పాస్టరుగారి భార్య పాస్టరమ్మగారినీ నన్నూ పంపాలని నిర్ణయించారు. "మీరు ఇంటి మనిషి కూడా గదండి, వాక్యం తెలిసినవారు" అన్నారు. అక్కడ నోరు తెరవాల్సింది. తెరవలేదు. సరేనండి అన్నాను. అంతటితో ఊరుకోలేదు, ముందు రోజు కూర్చుని ఆమెకి చూపించడానికి వాక్యాలు కూడా గుర్తు పెట్టుకున్నాను, క్షమాపణ మీద.

పాస్టరమ్మగారి స్కూటీ మీద వెళ్ళాం. ఆమె కల్లంలో ఒక్కతే కూర్చుని కాయలకు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి కొంగు సర్దుకుని లేచి నిలబడి, "వందనాలమ్మగారూ" అంది. గోనెసంచి దులిపి పరిచింది. నావైపు సరిగా చూడలేదు, నేనూ చూడలేదు.

పాస్టరమ్మగారు మెల్లగా అడిగారు. "ఏమ్మా, ఏం కష్టం వచ్చింది? ఎందుకు తీసుకోవట్లేదు?"

"నా మనసులో ఒకరి మీద మంచిది కాని తలంపు ఉందమ్మగారూ. అది పోయిందాకా తీసుకోలేను."

"ఎవరి మీదమ్మా?"

"వాళ్ళ పేరెందుకు లెండి. తప్పు నాది."

పాస్టరమ్మగారు నావైపు తిరిగి, మీరన్నా చెప్పండి అన్నట్టు చూశారు. నేను చెప్పాను. రాయడానికే చెయ్యి రావట్లేదు. నేను బైబిలు తెరిచి, నా తోడికోడలికి, ఆ కల్లంలో కూర్చుని, క్షమించడం గురించి చెప్పాను. మనం క్షమించకపోతే పరలోకమందున్న తండ్రి మనల్నీ క్షమించడని చెప్పాను. గొంతు కూడా ధ్యానంలో పెట్టే గొంతే వచ్చింది. ఆమె తలూపుతూ వింది.

అంతలో పాస్టరమ్మగారికి ఫోన్ వచ్చింది. సరిగ్గా వినపడక స్కూటీ దాకా వెళ్ళారు. మేమిద్దరమే మిగిలాం. ఏడాది తర్వాత మొదటిసారి. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు కదా.

"అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోమాక" అంది. "ఆ రోజు నువ్వు దేవుడి తోడని చెప్పావు. నువ్వట్టాంటిదానివి దేవుడి పేరెత్తి అబద్ధం చెప్పవు గదా. ఆ సంగతి నాకు తెలుసు. కానీ నా మనసు నమ్మట్లా. నువ్వొచ్చేటప్పటికి నా కాయలు పొడిగానే ఉన్నయ్యని లోపల్నుంచి ఒకటే పోరు. ప్రార్థన చేసే మనిషిని అనుమానిస్తన్నానే, ఈ పాపిష్టి బుద్ధి పెట్టుకుని ప్రభువు శరీరాన్ని ఎట్టా ముట్టుకునేదని తీసుకోట్లా. రోజూ పొద్దున్నే నీ ధ్యానం వింటన్నా, ఏ రోజన్నా పోతదేమోనని. పోవట్లా అక్కా. నువ్వు నా మీద కోపం పోగొట్టుకుని తీసుకుంటన్నావు గదా. ఎట్టా పోగొట్టుకున్నావో నాకూ చెప్పు."

ఎగతాళి కాదు. ఆమె కళ్ళలోకి చూశాను, ఎగతాళి ఏమన్నా దొరుకుతుందేమోనని. నిజంగానే అడుగుతోంది. తెలియనిది తెలిసిన మనిషిని అడిగినట్టు అడుగుతోంది.

ఒక్క మాట చాలు అప్పుడు. పొడిగానే ఉన్నాయి అంటే అయిపోయేది. నేను బైబిలు మూసి సంచిలో పెట్టుకున్నాను. స్కూటీ దగ్గర్నుంచి పాస్టరమ్మగారు వస్తున్న అడుగులు వినపడ్డాయి. "ప్రార్థన చేద్దాం" అన్నాను. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. పాస్టరమ్మగారే చేశారు.

దార్లో పాస్టరమ్మగారు, "మీరు చెప్పింది బాగా తాకినట్టుందండి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది" అన్నారు. ఆమె వెనక కూర్చుని ఉన్నాను కనక నా ముఖం ఆమెకి కనపడలేదు.

తర్వాతి పొద్దున ఫోన్ తీసి రికార్డు నొక్కాను. రెండు మాటలు మాట్లాడి తీసేశాను. మళ్ళీ నొక్కి మళ్ళీ తీసేశాను. ఇప్పుడు ఆమె గోడ అవతల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంటుంది, నా మాటల్లో తన పాపానికి మందు వెతుక్కుంటూ. లేని పాపానికి. ఆ పాపం నేను తయారు చేసి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆ తలంపు వచ్చాక ఫోన్ ముట్టుకోబుద్ధి కాలేదు. గ్రూపులో ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగారు. మా ఆయన కాఫీ తనే పెట్టుకుని నాకూ ఒక గ్లాసు తెచ్చిచ్చి, ఏమైందని అడిగాడు. చెప్పాను, అంతా. ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నాకెందుకు చెప్తావు, నేనేమన్నా ఆ అమ్మాయినా" అన్నాడు. అన్నాళ్ళూ ఆత్మీయత తక్కువని నేను చెప్పుకున్న మనిషి.

అయినా వెళ్ళలేదు. గోడ అవతలికి వెళ్ళడానికి రోజూ బయలుదేరేదాన్ని. చెప్పులేసుకునేదాన్ని. వాకిట్లోకి వెళ్ళి, వాళ్ళ గేటు చప్పుడు విని, చీపురు కోసం వచ్చినట్టు వెనక్కి వచ్చేదాన్ని. ఊరంతటికీ తెలిసిపోతుందని భయం. పిల్లలు నన్ను ఏమనుకుంటారోనని భయం. దేవుడంటే భయమని ఎంతో చెప్పాను గానీ, ఆ వారమంతా నేను భయపడింది మనుషులకే. అలా ఆదివారం రానే వచ్చింది.

పాస్టరుగారు బల్ల అయ్యాక ఒక ప్రకటన ఉంటుందని ముందే చెప్పారు. అదేమిటో అందరికీ తెలుసు. ఆమె వెనక గోడ దగ్గర కూర్చుంది. ముసుగు వేసుకుంది. పళ్ళెం ముందు నా దగ్గరికే వచ్చింది, నేను ముందు వరసలో మొదటి మనిషిని. చెయ్యి అలవాటుగా లేచింది. రొట్టె ముక్క వేళ్ళకి తగిలింది కూడా. తీస్తే దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టలేను, నోట్లో పెట్టుకోలేను. తీయకుండానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సంఘపెద్దగారు నేను చూడలేదనుకుని పళ్ళెం ఇంకొంచెం ముందుకు జరిపి, "అమ్మా, రొట్టె" అన్నారు చిన్నగా. తల అడ్డంగా ఊపాను. ఆయన కదలకుండా నిలబడిపోయారు. వరసలో తలలు లేచాయి.

నేను లేచాను. చాపల మధ్య నుంచి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, కాళ్ళు తగిలిన వాళ్ళకల్లా చేత్తో దణ్ణం పెట్టుకుంటూ వెనక్కి నడిచాను. పళ్ళెం తిరిగేటప్పటి పాట ఆగలేదు గానీ పాడే గొంతులు తగ్గాయి. ఆమె పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆమె ముసుగు తీసి కంగారుగా చూసింది.

"పొడిగానే ఉన్నయ్యి" అన్నాను. "నేనొచ్చేటప్పటికి నీ కాయలు పొడిగానే ఉన్నయ్యి. ఒక్క చినుకు పడలా. చూసి కూడా పట్టా నా కుప్ప మీదకే లాక్కున్నా. దేవుడి పేరు మీద అబద్ధం చెప్పా. నీ మనసు నీకు చెప్పింది నిజమే."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు. బరువు దించుకున్న మనిషి భుజాలు వాలినట్టు ఆమె భుజాలు వాలాయి. "అయితే నా బుద్ధి చెడిపోలేదన్నమాట" అంది. నాతో కాదు, తనలో తనే. కొంగుతో కళ్ళు అద్దుకుంది. ఏడాది పాటు తన మనసే పాడైపోయిందనుకుంటూ ఆ గోడ దగ్గర కూర్చుంది ఆ పిల్ల. కాయలు పోయినదానికంటే నేను ఆమెకి చేసిన నష్టం అదేనని అక్కడ కూర్చున్నాకే నాకు అర్థమైంది.

"క్షమించమని అడగడానికి నాకు..." అని మొదలుపెట్టాను.

"ఆగక్కా" అంది. "నీ సంగతి తర్వాత. పళ్ళెం వస్తంది."

పళ్ళెం వెనక వరస దాకా వచ్చింది. సంఘపెద్దగారు అలవాటు ప్రకారం ఆమెని దాటి పోబోయారు. ఆమె చెయ్యి చాపింది. ఆయన ఆగారు. ఆమె రొట్టె ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుని, రెండో చెయ్యి దాని మీద కప్పుకుంది. పళ్ళెం నా ముందుకొచ్చింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పాస్టరుగారు చెప్పగానే అందరూ తిన్నారు. ఆమె తినడం పక్కనుంచి విన్నాను.

ప్రకటన జరగలేదు. బల్ల అయ్యాక పెద్దలు వచ్చి నన్ను అడిగారు, వాళ్ళకీ చెప్పాను, అక్కడే, వింటున్నవాళ్ళందరూ వింటుండగా. పాస్టరమ్మగారు తల దించుకున్నారు, నా కోసం సిగ్గుపడుతున్నారని తెలిసింది. పాస్టరుగారు కటువుగా ఏమీ అనలేదు. వాక్యం ఎవరిని వారు పరీక్షించుకుని తినమంది గానీ పరీక్షించుకుని మానెయ్యమనలేదు, మీరు ఎప్పుడు తీసుకుంటారో చెప్పండి అన్నారు. అది నా చేతిలో లేదండి, ఆమె తీసుకోమన్న రోజు తీసుకుంటాను అన్నాను.

స్త్రీల సమాజం పెద్దరికం వదిలేశాను. ధ్యానం పంపడం లేదు. ఇప్పుడు గోడ దాటి వెళుతున్నాను, మాట్లాడుకుంటున్నాం, కాయలు కూడా కలిసి ఎత్తాం. వెనక గోడ దగ్గర ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. ప్రతి మొదటి ఆదివారం ఆమె తీసుకుంటుంది, పళ్ళెం నన్ను దాటి పోతుంది. తీసుకోమని ఆమె ఇంకా అనలేదు. అడగడానికి నాకు ముఖం లేదు.